డూప్ అంటే జనం కూర్చుంటారు

మా పిన్ని డూప్ ఆర్టిస్టు. జాతరల్లో, కాలేజీ ఫంక్షన్లలో ఒక ప్రసిద్ధ సినిమా నటిలా వేషం కట్టి, ఆమె పాటలకు ఆడుతుంది, ఆమె డైలాగులు చెబుతుంది. పోస్టరు మీద ఆ నటి పేరుకు ముందు ‘జూనియర్’ అని వేస్తారు. డిప్లొమా అయ్యాక నేను బందరులో సౌండ్ సిస్టం పెట్టుకున్నాను. పిన్ని ప్రోగ్రాం ఎక్కడుంటే నా స్పీకర్లు అక్కడ.

ఆ నటి జీవితం నాకు తెలిసింది పిన్ని బట్టల పెట్టెలోంచే. అడుగున లంగా ఓణీ, పల్లెటూరి పిల్లగా పరిచయమైన సినిమాది. దాని మీద మెరుపుల గౌను, పెద్ద హీరోల పక్కన వెలిగిన రోజులది. ఆ పైన ఖాకీ చొక్కా, పోలీసు ఆఫీసరుగా వేసిన వేషానిది. అన్నిటి కంటే పైన జరీ అంచు పట్టుచీర, హీరోలకు తల్లిగా తిరిగొచ్చాక కట్టినది. ఖాకీకీ పట్టుచీరకీ మధ్య ఏమీ లేదు. ఆవిడ పెళ్ళి చేసుకుని సినిమాలు మానేసిన కాలం అది. ఆవిడ మానేస్తే పిన్నికీ పిలుపులు ఆగిపోయాయి. తెర మీద కనపడని మనిషికి డూప్ ఎవరికి కావాలి? ఆ రోజుల్లో పిన్ని మంగినపూడి బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మింది.

పిన్నికి ఒక నియమం ఉంది. స్టేజీ ఎక్కగానే, “నేను ఆవిడ కాదండోయ్, డూప్‌ని” అని మైకులో చెప్పాకే ఆట మొదలుపెడుతుంది. దివిసీమలో ఒక ఊళ్ళో అది చెప్పడం ఆలస్యమైతే, ఒక ముసలావిడ వచ్చి కాళ్ళకు దండం పెట్టేసిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు పిన్ని ఇప్పటికీ కాళ్ళు వెనక్కి లాక్కుంటుంది.

పోయిన వేసవిలో గుడివాడలో ఒక బట్టల షాపు ప్రారంభానికి ఆ నటే వస్తున్నారని, ఆవిడ వచ్చేదాకా జనానికి కాలక్షేపంగా ఉంటుందని పిన్నిని పిలిచారు. అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఎక్కడ స్పీకర్లు దించినా నేను ముందు నాలుగు చూసుకుంటాను: ఎర్తింగు, జనరేటరు, స్టేజీ కాళ్ళు, జనం బయటికి వెళ్ళే దారి. మొదటి మూడూ బాగానే ఉన్నాయి. నాలుగోది లేదు. ఇరుకు వీధి. సిమెంటు రోడ్డు తవ్వడానికి వీల్లేక, రంగు డబ్బాల్లో ఇసుక పోసి, వాటిలో సరుగుడు కర్రలు నిలబెట్టి అడ్డం కట్టారు. దాని వెనక చిన్న స్టేజీ, స్టేజీ వెనక షాపు నిలువెత్తు అద్దాలు. అడ్డానికి ఆనుకుని ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళ వెనక వీధి చివరిదాకా జనం.

ఎండ ముదిరినా ఆ నటి రాలేదు. షాపు మేనేజరు చెమటలు తుడుచుకుంటూ, లోపల మేమున్న చోటికి వచ్చాడు.

“మేడమ్ కారు ఇంకా పామర్రులోనే ఉందంట. అమ్మా, మీరు ఆ పట్టుచీర కట్టుకుని బాల్కనీలోంచి చెయ్యి ఊపెయ్యండి. నల్ల కళ్ళజోడు పెడితే ఎవరికి తెలుస్తుంది? జనం శాంతిస్తారు.”

“శాంతించరండీ, మీదకి వస్తారు. ఆ డబ్బాలు ఆగవు” అన్నాను.

“నువ్వు సౌండు చూసుకో తమ్ముడూ.”

“మరి అసలావిడ వచ్చాక నన్నేం చేస్తారండీ? బీరువాలో పెడతారా?” అంది పిన్ని.

“జోకులకి టైం కాదమ్మా. రాలేదని తెలిస్తే అద్దాలు పగలగొడతారు.”

ఆ మాటా నిజమే. బయట ఈలలు మొదలయ్యాయి. పిన్ని అద్దంలోంచి చూసింది. ముందు వరసలో ఒకామె చంటిబిడ్డను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో కర్రను ఆపుకుంటోంది.

“ఒరేయ్, హీరోయిన్ని జనం ఎలా చూస్తారు?”

“నిలబడి. మెడలు సాచి.”

“డూప్‌ని?”

“కూర్చుని.”

“ఎందుకని?”

“తీరిగ్గా వంకలు పెట్టడానికి.”

“అదీ. మైకు ఇలా ఇవ్వు.”

స్టేజీ మీదకి వెళ్తూనే, “నేను ఆవిడ కాదండోయ్! ఆవిడ ఇంకా రాలేదు. నేను డూప్‌ని!” అంది. జనం ఊళ పెట్టారు. వెనకనుంచి తోపు వచ్చింది. ఒక డబ్బా గరగరమంటూ జానెడు జరిగింది.

“మేకప్ అంతా నువ్వే వాడేశావా పిన్నిగారూ?” అని ఎవరో అరిచారు.

“నీ మొహానికి కాస్త మిగిల్చాన్లే బాబూ, కూర్చో!”

నవ్వులు లేచాయి. పిన్ని నా స్పీకరు మీద కూర్చుంది. “నేను కూర్చునే ఆడతాను. ముందువాళ్ళు నిలబడితే వెనకవాళ్ళకి కనపడను.” ముందు చంటిబిడ్డ తల్లి కూర్చుంది. తరవాత ఆ వరస, దాని వెనక వరస. తోపు ఆగింది.

ఓణీ భుజాన వేసుకుని మొదటి సినిమా ఆడింది. గౌను ఒడిలో పరచుకుని పాటలన్నీ చేతులతోనే ఆడింది. ఖాకీ చొక్కా తొడుక్కుని డైలాగులు చెప్పింది. ఆవిడ ఇంకా రాలేదు. నేను పట్టుచీర అందించబోతే పిన్ని వద్దంది.

“ఈ మధ్యలో ఆవిడ ఏం చేసిందో నాకు తెలీదు. నేనైతే పొత్తులు కాల్చాను” అని, విసనకర్ర పట్టుకున్నట్టు చెయ్యి ఆడించడం మొదలుపెట్టింది.

“ఉప్పూ కారం రాయి పిన్నీ!” అని జనంలోంచి ఎవరో అన్నారు.

అప్పుడే వెనక సందులోంచి ఆ నటి లోపలికి వచ్చారు. మైకు ఆపమని మేనేజరు నాకు సైగ చేశాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, అద్దం దగ్గర నిలబడి చూశారు. తరవాత తలుపు దగ్గరున్న నన్ను అడిగారు.

“నేను వెళ్తే వీళ్ళు లేస్తారా?”

“లేస్తారండీ. ముందు చంటిపిల్లలున్నారు. ఆ కర్రలు ఆగవు.”

ఆవిడ తలుపు తీసుకుని నేరుగా వెళ్ళి, మోకాలు పట్టుకుంటూ పిన్ని కాళ్ళ దగ్గర స్టేజీ మీద చతికిలబడ్డారు. జనానికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత వీధంతా గుప్పున లేవబోయింది.

“ఆవిడే కూర్చుంది, మీరెందుకు లేస్తారు? కూర్చోండి!” పిన్ని గొంతు చీరుకుపోయింది.

ఆ నటి చెయ్యి చాపారు. “నాకూ ఒక పొత్తు ఇవ్వండి. లేతది చూసి.”

లేచినవాళ్ళు నవ్వుతూ మళ్ళీ కూర్చున్నారు. రిబ్బను ఆవిడ దగ్గరికే తెచ్చి కత్తిరించారు. వెనక వరసలవాళ్ళు ముందు లేవండని నేను మైకులో చెబుతూ వీధి ఖాళీ చేయించాను.

అందరూ వెళ్ళాక వైర్లు చుడుతూ, చంటిబిడ్డ తల్లి ఆపుకున్న కర్రను పట్టుకుని లాగాను. ఒక్క చేత్తో పైకి వచ్చేసింది. డబ్బాలో ఇసుక సగం కూడా లేదు. పిన్ని చూసింది.

“కింద పెట్టరా దాన్ని” అని, స్పీకరు మీద కూలబడింది.