కోదాడలో బతికి సూర్యాపేటలో చచ్చే కంప్యూటర్

కోదాడలో ఆ కంప్యూటర్ దుకాణదారుడికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న నేను అడిగితే జవాబు మా ఆయనకు చెప్పేవాడు.

"ర్యామ్ ఒకటే వేస్తున్నారా, రెండు వేస్తున్నారా?" అని నేను అడిగాను.

"మీరేం కంగారుపడకండి సార్, మంచిదే వేస్తానండి," అన్నాడు మా ఆయన వైపు తిరిగి.

మా ఆయన పెన్‌పహాడ్‌లో చిన్న గుమాస్తా ఉద్యోగం చేస్తారు. ర్యామ్ అంటే ఏమిటో ఆయనకు ఆ రోజు దాకా తెలియదు. అయినా గంభీరంగా తల ఊపారు. ఆ దుకాణంలో అంత మాత్రం చాలు, విషయం తెలిసిన మనిషైపోయినట్టే.

నిజానికి ఆ కంప్యూటర్ నాది. సివిల్ డిప్లొమా చదివి, సూర్యాపేటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీసిస్తాను. ఇప్పుడు ప్లాను కాగితం మీద చూపిస్తే ఎవరికీ ఆనదు. గేటు రంగుతో, పిట్టగోడ మీద పూలకుండీలతో సహా ఇల్లు తెర మీద గుండ్రంగా తిరుగుతూ కనబడాలి. నా పాత కంప్యూటర్ ఆ ఇంటిని ఒక చుట్టు తిప్పేలోపు వచ్చినవాళ్లు టీ తాగి, ఊరి సంగతులన్నీ చెప్పేసేవారు. అందుకే నెల రోజులు చదివి, ఏ భాగం ఏది కావాలో నేనే రాసుకుని కోదాడ వెళ్లాను. అక్కడికే ఎందుకంటే, ఆ దుకాణదారుడు గొప్ప పనిమంతుడని మా ఆయన స్నేహితుడెవరో చెప్పారట. ఆ స్నేహితుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. చూడకపోవడం ఆయన అదృష్టం.

పనిమంతుడు ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కంప్యూటర్ బిగించాడు. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసర్, ర్యామ్ పెట్టి, వైర్లు తగిలించి ఆన్ చేశాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. "చూశారా సార్!" అని, దాన్ని తీసి ఇనుప క్యాబినెట్‌లో బిగించి, మూత వేసి ఇచ్చాడు. బస్సులో కోదాడ నుంచి సూర్యాపేట దాకా చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఇంట్లో స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, లోపల నీలం లైటు వెలిగింది. రెండు క్షణాలు, అంతే. ఆరిపోయింది. మళ్లీ తనంతట తనే వెలిగింది, మళ్లీ ఆరింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఎక్కిళ్లు పట్టిన మనిషిలా ఆ డబ్బా అలా వెలుగుతూ ఆరుతూ ఉంటే చివరికి నేనే వైరు పీకేశాను.

మా ఆయన ఫోన్ చేశారు. దుకాణదారుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు సార్. కరెంట్ మనిషికి చూపించుకోండి."

చూపించుకున్నాం. వచ్చిన ఎలక్ట్రీషియన్ ప్రతి సాకెట్లో టెస్టర్ పెట్టి, పెరట్లోకి కూడా వెళ్లి చూసొచ్చి, "ఎర్తింగ్ మంచిగనే ఉన్నదక్కా. గీ ఫ్రిజ్జు నడుస్తలేదా, టీవీ నడుస్తలేదా? గా డబ్బాల్నే ఏదో ఉన్నది," అన్నాడు. మొత్తం ఈ వ్యవహారంలో తనకు తెలిసినంత వరకే మాట్లాడిన మగమనిషి ఆయన ఒక్కడే.

డబ్బా మళ్లీ కోదాడ చేరింది. దుకాణదారుడు బోర్డును బయటికి తీసి, అట్టపెట్టె మీద పెట్టి, ఆన్ చేశాడు. శుభ్రంగా పనిచేసింది. ఆయన ముఖంలో వెలుగు చూడాలి!

"మా దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది సార్. తేడా మీ ఇంట్లోనే ఉందండి."

"లోపల బిగించాక కూడా ఒకసారి ఆన్ చేసి చూపించండి," అన్నాను.

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. "మేడం, అన్నం గిన్నెలో ఉన్నప్పుడు బాగుండి, కంచంలో పెట్టగానే పాడైపోతుందా? మీకు తెలియదులెండి." మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. భోజనాల వేళ అవుతోందని దుకాణదారుడు షట్టర్ సగం దించేశాడు. నేను నోరు మూసుకుని డబ్బా ఎత్తుకున్నాను. ఎవరిని తిట్టినా తిట్టకపోయినా, ఆ నోరు మూసుకున్నందుకు నన్ను నేను చాలా తిట్టుకోవాలి. ఎందుకంటే ఇంటికొచ్చి స్విచ్ నొక్కితే మళ్లీ అవే ఎక్కిళ్లు.

ఇక మిర్యాలగూడ బావను పిలవక తప్పలేదు. బావ అంటే మా ఆయన అన్న. అక్కడొక రైస్ మిల్లులో ధాన్యం లారీలు తూకమేసినప్పుడు కంప్యూటర్లో చీటీలు తీస్తారు. మీట నొక్కితే చీటీ వస్తుంది. ఆ అర్హత మీద మా బంధువులందరికీ ఆయనే కంప్యూటర్ల డాక్టరు. ఆదివారం పొద్దున్నే వచ్చి, టిఫిన్ కానిచ్చి, డబ్బా ముందు కుర్చీ వేసుకున్నారు.

"వైరస్ వచ్చింది. ఫార్మాట్ కొట్టాలె," అన్నారు.

"తెర మీద ఏమీ రాకుండా ఎట్ల కొడ్తరు బావా? అయినా కొత్త కంప్యూటర్‌కు వైరస్ ఎక్కడికెళ్లి వస్తది?"

"నువ్వు జర ఆగమ్మా. నేను సూస్తున్న గదా."

చూశారు. ర్యామ్ పీకి, మా అమ్మాయి బడి సంచిలోంచి రబ్బరు తెప్పించుకుని, ర్యామ్ అంచును కాసేపు రుద్దారు. పెట్టారు. వెలిగింది, ఆరింది. మళ్లీ రుద్దారు. తర్వాత బల్లను తూర్పు గోడ దగ్గరికి జరిపించారు. ఎందుకని అడిగితే, మెషిన్ దక్షిణం దిక్కు చూడకూడదట. అక్కడా వెలిగి ఆరిపోయింది. మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పారు. "ప్రాసెసర్ కాలింది. ఇగ ఇది ఖతం. కొత్తది కొనుడే."

"కోదాడలో పెట్టె మీద పెడితే నడిచింది కదా బావా. కాలిపోయినది ఎట్ల నడుస్తది?"

"గాడ నడిచింది, గీడ కాలింది. కరెంట్ సంగతులు నీకు తెల్వయ్."

మా ఆయన తల ఊపారు.

మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. డబ్బా మూత తీసి ఎదురుగా కింద కూర్చున్నాను. అప్పటిదాకా అందరి మాటలూ వింటూ నా బుర్రను ఎక్కడో తాకట్టు పెట్టాను. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను. అదే బోర్డు అట్ట మీద పనిచేస్తుంది, ఇనుప డబ్బాలో చేయదు. అట్టకూ ఇనుముకూ తేడా ఏమిటి? బడిలో పిల్లలు కూడా చెబుతారు. అట్టలోంచి కరెంటు పోదు, ఇనుములోంచి పోతుంది.

అంటే బోర్డు వెనకభాగం ఎక్కడో ఇనుముకు తగులుతోంది. అలా తగలకూడదనే క్యాబినెట్ అడుగున చిన్న చిన్న ఇత్తడి కాళ్లు ఉంటాయి. బోర్డు తన స్క్రూ రంధ్రాల దగ్గర మాత్రమే వాటి మీద కూర్చుంటుంది. స్లాబ్ వేసేటప్పుడు చువ్వలు సెంట్రింగ్ రేకులకు ఆనకుండా కింద కవర్ బ్లాకులు పెడతాం కదా, అదే పద్ధతి. నేను సైటు మీద మేస్త్రీలతో రోజూ పోట్లాడే విషయం నా కళ్ల ముందే ఉంది.

స్క్రూలన్నీ విప్పి బోర్డు పైకి తీశాను. దానికి ఎనిమిది రంధ్రాలు. కింద ఇత్తడి కాళ్లు తొమ్మిది. తొమ్మిదో దానికి పైన రంధ్రమే లేదు. అది బోర్డు వీపు మీద, కరెంటు పారే సోల్డర్ చుక్కలు గుంపుగా ఉన్నచోట, నేరుగా పొడుచుకుంటోంది. అక్కడ సన్నగా గీత పడి ఉంది. పెద్ద బోర్డులకని క్యాబినెట్ తయారుచేసినవాళ్లు పెట్టిన కాలు అది. చిన్న బోర్డు బిగించేవాడు దాన్ని తీసేయాలి. చూసినవాడికి కనబడుతుంది. ఫోన్లో కబుర్లు చెబుతూ చూడనివాడికి మా ఇంటి ఎర్తింగ్ కనబడుతుంది.

పట్టకారుతో దాన్ని విప్పి పక్కన పడేసి, బోర్డు మళ్లీ బిగించాను. స్విచ్ నొక్కి లోపలే ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ఫ్యాన్లు ఆగలేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఖాళీ ఇంట్లో నేను గట్టిగా ఒక బూతుమాట అన్నాను. అది ఎవరి గురించో ఇక్కడ రాయను.

సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి నాతో ప్లాను గీయించుకుంటున్న గరిడేపల్లి వాళ్ల ఇల్లు తెర మీద గిర్రున తిరుగుతోంది. ఆయన చూసి, "ఎవరొచ్చి చేసిన్రు?" అని అడిగారు. విప్పి పడేసిన ఇత్తడి కాలును ఆయన అరచేతిలో పెట్టాను. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. టీ కూడా ఆ రోజు తనే పెట్టుకున్నారు.

రెండు వారాల తర్వాత మిర్యాలగూడలో బావ వాళ్లింట్లో భోజనాలు. పదిమంది కూర్చున్న బంతిలో బావ మొదలుపెట్టారు. "వీళ్ల కంప్యూటర్ ఇగ పోయిందే అనుకున్నరు. నేను పోయి ర్యామ్ రుద్దినంక దారికొచ్చింది."

నా చేతిలో పప్పు గరిటె ఉంది. అది కింద పెట్టాను. నేను నోరు తెరిచేలోపే పక్క విస్తరి నుంచి మా ఆయన గొంతు వినబడింది.

"నువ్వు రుద్దినంక గూడ నడవలేదన్నా. ప్రాసెసర్ కాలింది, కొత్తది కొనుమని చెప్పి పోయినవ్. బాగుచేసింది ఈమె. బోర్డు మొత్తం విప్పి, ఒక్కతే."

బావ చారు కలుపుకుంటూ, "ఏదైతేంది, నడిచింది గదా," అన్నారు.

మా అత్తమ్మ వడియాల గిన్నె పట్టుకుని బావ ముందు ఆగింది. "తెల్వకపోతే తెల్వదను బిడ్డా. నోటికేం పుండయితదా?" అని రెండు వడియాలు వేసి పక్క విస్తరికి వెళ్లింది. నేను గరిటె తీసుకుని బావకు ఇంకాస్త పప్పు వడ్డించాను. వద్దనలేదు.