ముసురు వారంలో మూసిన కిటికీ

2022 వానాకాలం. అప్పట్లో జగ్గయ్యపేటలో ఓ పిల్లల నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. వారం నుంచీ ఒకటే ముసురు. వార్డులో ఆరని గుడ్డల తడివాసన, ఎదురు కొట్లోంచి అల్లం టీ వాసన. మబ్బు పట్టిందంటే చాలు, మా డాక్టరమ్మ "సుజాతా, ఆక్సిజన్ సిలిండర్లు చూసుకున్నావా?" అని కేకేసేది. ఆ కేక వినబడని వానాకాలం నాకిప్పటికీ వెలితిగానే ఉంటుంది.

ఆ వారంలోనే నెల నిండని మగబిడ్డని తెచ్చారు. పాలు తాగట్లేదు, డొక్కలు ఎగరేస్తున్నాడు. బ్రాంకియోలైటిస్. అంటే వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు వాచి కఫంతో పూడుకుపోవడం. పెద్దవాళ్ళకి మామూలు జలుబుగా పోయేదే పసివాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది. సక్షన్‌తో కఫం తీశా, ఆక్సిజన్ పెట్టా. అయినా సాచురేషన్, అదే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే అంకె, ఎక్కనంటే ఎక్కనంది.

పురుడు జగ్గయ్యపేట పక్క పల్లెలో, బిడ్డ అమ్మమ్మ రాజ్యలక్ష్మిగారింట్లో. ఆవిడ గోడకానుకుని నిలబడింది. ఇంతలో నందిగామ నుంచి బిడ్డ నాయనమ్మ భారతిగారు దిగారు. వస్తూనే అందుకున్నారు.

"బాలింతనీ బిడ్డనీ మీ చేతుల్లో పెడితే, నేనటు వెళ్ళగానే చలిగాలికి వదిలేశారా వదినగారూ? వీడు గట్టెక్కగానే ఇద్దర్నీ మా ఇంటికి తీసుకుపోతా. మళ్ళీ మీ గడప తొక్కనివ్వను!"

"అయ్యో, మీమీద ఒట్టు! చీమ దూరే సందు కూడా ఉంచలా. కిటికీలకి గోనెపట్టాలు కొట్టించా, కుంపటి పెట్టా. ముందుగది కారుతుంటే ఇంటిల్లిపాదిమీ బిడ్డ గదిలోనే పడుకున్నాం. వాడికి గాలి పొడ తగలనీలా!"

అసలే నోరాగని దాన్ని. "ఓర్నాయనో, ఆ గాలి లేకే కదమ్మా" అనబోయి, ఆవిడ మొహం చూసి మింగేశా. అంత ప్రేమగా చేసిందాన్ని తప్పని ఎట్లా చెప్పేది?

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "వాన జలుబుని పుట్టించదమ్మా. మనిషి నుంచి మనిషికే అంటుకుంటుంది. ముసురు పడితే అందరం తలుపులేసుకుని ఒకచోట చేరతాం. అక్కడ ఒక్కరు దగ్గినా ఆ తుంపర బయటికి పోయే దారుండదు. పైగా చల్లగా ఉంటే ఇలాంటి వైరస్‌లు ఎక్కువసేపు బతుకుతాయి. బిడ్డ దగ్గరికొచ్చినవాళ్ళలో ఎవరికైనా జలుబుందా?"

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అంది రాజ్యలక్ష్మిగారు.

అదే క్షణంలో భారతిగారు ఖళ్ళుమని దగ్గారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చిన్న గొంతుతో అన్నారు: "పోయిన వారం మనవణ్ణి చూట్టానికి వెళ్ళా. అప్పటికే గొంతు గరగరగా ఉంది. ఆ గదిలోనే పడుకున్నా. ముద్దు కూడా పెట్టుకున్నా."

ఇక చూస్కో, ఇప్పుడు రాజ్యలక్ష్మిగారి వంతు అనుకున్నా. కానీ ఆవిడ లేచి వెళ్ళి భారతిగారి పక్కన కూర్చుంది. "పసివాణ్ణి చూశాక ముద్దు పెట్టుకోకుండా ఎవరుంటారు వదినా? ఊరుకో."

అప్పట్నుంచీ భారతిగారు మాస్కు పెట్టుకుని, జల్లు కొడుతున్నా వరండాలోనే కూర్చున్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు. రెండ్రోజులకి బిడ్డ మళ్ళీ రొమ్ము పట్టాడు. "తాగుతున్నాడండీ!" అని నేనే బయటికి పరిగెత్తా. భారతిగారు ఏడ్చేశారు. నేనూ ఏడ్చా, సిగ్గేముంది?

ఇంటికి పంపే రోజు, తల్లీబిడ్డల్ని ఇద్దరిలో ఎవరితో పంపాలో తెలీక నిలబడ్డా. "వదినా, నువ్వే తీసుకెళ్ళు" అన్నారు భారతిగారు మాస్కులోంచే. "నా దగ్గు పూర్తిగా తగ్గాక వస్తాలే."

"అమ్మాయ్, గోనెపట్టాలు పీకించమంటావా?" అంది రాజ్యలక్ష్మిగారు.

"పీకించండి పిన్నిగారూ. బిడ్డని వెచ్చగా చుట్టి, ఎదురుగాలి కొట్టకుండా ఓ పక్కన పడుకోబెట్టండి. ఆ కుంపటి మాత్రం గదిలో వద్దు, పొగ వాడి ఊపిరికి పడదు."

ఇప్పుడు నందిగామలో పనిచేస్తున్నా. ముసురు పడితే ఆ వార్డు మీదికే మనసు పోతుంది. ఎవరు పసిబిడ్డని తెచ్చినా, ఎక్కడ చలి తగిలిందని అడగను. గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, కిటికీ తీస్తున్నారా అని అడుగుతా. ఎవరివల్ల వచ్చిందని మాత్రం నిలదీయను. ఆ రోజు రాజ్యలక్ష్మిగారు ఒక్క మాట ఎదురని ఉంటే, భారతిగారు పంతానికి పోయి, దగ్గు దిగమింగుకుని, ఆ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నందిగామ బస్సెక్కి ఉండేవారు.