వంటింటి రేడియోలో నా గొంతు

వానాకాలం మొదట్లో మా ఇనుప గనుల ఊరు బచేలిలో బజారు నుంచి వస్తూ ఎర్రమట్టి బురదలో స్కూటర్‌తో సహా జారిపడ్డాను. కుడికాలి ఎముక విరిగింది. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఏళ్ల తరబడి గని కన్వేయర్ బెల్టుల వెంట పరుగులు పెట్టిన ఎలక్ట్రీషియన్‌ని, కంపెనీ క్వార్టర్ ముందుగదిలో మంచానికి అతుక్కుపోయాను. మూడో రోజుకే ఫ్యాన్ ఏ రెక్క మీద ఎంత దుమ్ముందో కంఠతా వచ్చేసింది. మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగ్ సైరన్ మోగితే చాలు, లేచి పరుగెత్తాలన్నట్టు ఒళ్లు జివ్వుమనేది.

"అంతలా దొర్లుతున్నావేటిరా? ఒక్క పూటైనా కుదురుగుండలేవా?" అనేది అమ్మ. ఆమెది శ్రీకాకుళం వైపు. చూపు బాగా మందగించాక నా దగ్గరికి వచ్చేసింది. రోజంతా వంటింట్లో పాత రేడియో పక్కన కూర్చునేది. అందులో వచ్చేది హిందీ. అర్థం కాకపోయినా మనిషి గొంతు వినపడితే చాలనేది.

ఆ మాట విన్నాకే, ఎప్పుడో సరదాకి కొని సొరుగులో పడేసిన చిన్న కంప్యూటర్ బోర్డు గుర్తొచ్చింది. పేకముక్కంత ఉంటుంది. దాని పిన్నుకు జానెడు తీగ తగిలించి, తగిన ప్రోగ్రాం ఎక్కిస్తే, మన గొంతు ఎఫ్ఎం రేడియోలో వస్తుందని ఎక్కడో చదివాను. మంచం మీదే దుకాణం పెట్టాను. నాలుగు రోజులు గరగర తప్ప ఏమీ రాలేదు. పళ్లెంలో అన్నం ఎండిపోయేది. నా భార్య స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, దుప్పటి మీద వైర్లు పక్కకు జరిపి, ఆ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. 

ఐదో రోజు పొద్దున వంటింట్లోంచి అమ్మ కేక పెట్టింది.

"ఒరే, రేడియోలో నువ్వేటి మాటాడతన్నావు?"

"టీ పెట్టమని అడుగుతున్నానే!" అన్నాను మైకులో. అమ్మ నవ్వు గోడ అవతలి నుంచి వినిపించింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే తెలుగు వార్తలు చదివేవాణ్ణి. కిటికీలోంచి కొండ మీద మబ్బు కనిపిస్తుందో లేదో చెప్పేవాణ్ణి. ఒక రోజు మా ఇంట్లో గిన్నెలు కడగడానికి వచ్చే ఆవిడ అది విని, చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెది అడవి లోపల తర్రెం దగ్గరి పల్లె. తెలుగు కలిసిన కోయ మాట దోర్లీ ఆమె ఇంటి భాష. మాతో మాత్రం తెలుగే.

"ఇదేంది పెద్దమ్మా, సారు ఆడ కూసొని ఈడ మాట్లాడుతుండు?"

మైకు ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన భాషలో, వానల్లో వాళ్లమ్మ వెదురు మొలకల కోసం అడవిలోకి ఎలా పోతుందో చెప్పింది. సగం అమ్మకే అర్థమైంది, సగం ఎవరికీ కాలేదు. అయిపోయాక ఆమె కళ్లు తుడుచుకుంది. "మా మాట డబ్బాల ఎన్నడు రాలే సారూ" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నా వల్ల కాలేదు. ఇంటి దాకా అందింది, వీధి దాకా ఎందుకు అందకూడదు? జానెడు తీగ తీసేసి, పొడుగు తీగ కిటికీలోంచి బయటికి వేలాడదీశాను. మూడో రోజు వెనక వరుస క్వార్టర్లో ఉండే ఫోర్‌మన్ గొడుగేసుకుని వచ్చాడు. గొంతు తగ్గించి హిందీలో అన్నాడు:

"భాయ్, నీ గొంతు నా ఫోన్ ఎఫ్ఎంలో వస్తోంది. లైసెన్సు ఉందా? మనం ఉన్నది మావోయిస్టుల ఇలాకా, పోలీసులు ప్రతి సిగ్నల్ వింటుంటారు, మర్చిపోయావా?"

తెలియక చేశానని చెప్పుకోలేను. తెలుసు. అతను గేటు దాటకముందే తీగ పీకేశాను. ఆ తర్వాత రెండు రోజులు వీధిలో జీపు ఆగినప్పుడల్లా బోర్డుని దిండు కిందకు తోసేవాణ్ణి.

"అత్తయ్య ఒక్కరు వినడానికి అంత పొడుగు తీగ ఎందుకండీ?" అని అడిగింది నా భార్య. పీకిన తీగను చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టాను.

మళ్లీ కూర్చుని అంతా ఇంటి వైఫై మీదకు మార్చాను. ఇప్పుడది మా గోడలు దాటదు. అమ్మకు రేడియో బదులు ఒక చిన్న స్పీకరు. కానీ గిన్నెల ఆవిడ ముఖం మాడ్చుకుని వచ్చింది. వెనక గుడిసెల్లో ఉండే చెల్లెల్ని, చుట్టుపక్కల వాళ్లని మా రేడియో వినిపిస్తానని ఫోన్ చుట్టూ కూర్చోబెట్టిందట. ఏమీ రాలేదట.

"అందరి ముంగట నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్ సారూ."

అప్పటి దాకా నా భయమే చూసుకున్నాను. ఈమె సంగతి తలపుకే రాలేదు. తప్పయిందన్నాను. బోర్డులో రికార్డయి ఉన్న ఆమె మాటల్ని మెమరీ కార్డులో ఎక్కించి, ఆమె ఫోన్‌లో పెట్టిచ్చాను. వరి నాట్లకు ఊరెళుతూ తీసుకెళ్లింది. ఇరవై రోజులు రాలేదు. ఆలోగా నా కట్టు విప్పారు. కర్ర పట్టుకుని గేటు దాకా, గేటు నుంచి గది దాకా ఎన్నిసార్లు తిరిగానో.

తిరిగి వచ్చిన రోజు ముందు ఫోనే నా చేతిలో పెట్టింది. అందులో కోళ్ల అరుపు, వాన చప్పుడు, మధ్యలో ఒక ముసలి గొంతు గట్టిగా అరుస్తోంది.

"మా అమ్మ. డబ్బాల మాట వచ్చింది, బిడ్డ మాత్రం ఏండ్లకొకసారి వస్తది అని తిడుతున్నది" అంది, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ.

మా ఇంటి స్టేషన్లో ఆ తిట్లు రెండుసార్లు వేశాం. అమ్మే అడిగి మరీ వేయించుకుంది.

ఆ పై వారం డ్యూటీలో చేరాను. షిఫ్టు దిగి ఇంటికొస్తే, అమ్మా ఆవిడా మైకు ముందు కూర్చుని, చింతచిగురు ఏ భాషలో ఏమంటారో తేల్చుకుంటున్నారు. నేను టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టబోయాను.

"సప్పుడు చెయ్యకు సారూ" అంది ఆవిడ.

కాలు లాగుతున్నా, బాక్సు చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.