చప్పుడు లేకుంటే రా

మా ఆయన సినిమావాళ్ల క్యారవాన్ నడిపేవాడు. పెద్ద వ్యాను అది. లోపల మంచం, ఏసీ, చిన్న ఫ్రిజ్, బాత్రూము, చుట్టూ బల్బులు పెట్టిన మేకప్ అద్దం. షూటింగు దగ్గర షాటుకీ షాటుకీ మధ్య నటులు అందులో కూర్చుంటారు. మా ఇల్లు ఫిల్మ్‌నగర్ బస్తీలో, బండలు చెక్కి వేసిన ఏటవాలు గల్లీలో. బండ్లు పెట్టే ఓనరుగారి షెడ్డు జూబ్లీహిల్స్ దిగువన. ఇంటికీ షెడ్డుకీ నడిచిపోయేంత దూరమే గానీ, ఆయన బతుకు మాత్రం ఆ బండి వెంట కోనసీమ, మారేడుమిల్లి, అరకు అంటూ గడిచింది.

ఎక్కడికి పోయినా ఏమీ చూడలేదు. "గోదారి పక్కపొంటి నెల రోజులున్ననే. నీళ్లు చూడలే. జనరేటర్ చూస్కుంట కూసున్న" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన క్షేమంగా తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిస్తే చాలు, దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించి అక్షరాలు నేర్పాడు, వాటితోపాటే స్తోత్రాలూ నేర్పాడు. నా చదువంతా అంతే. పెదవి కదపకుండా జపం చేసుకోవడం కూడా నాయన దగ్గర నేర్చుకున్నదే.

ఉద్యోగం మానేసిన ఏడే ఆయన కళ్లలో నీటికాసులని తేలింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు చీకటి. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలవాలంటే రోజూ పొద్దున, సాయంత్రం చుక్కలు వేసుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. బండి మాత్రం నడపొద్దంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

కొన్నాళ్లకు అన్నం తింటూ తింటూ మొదలుపెట్టాడు.

"ఏమే, గీ ఎండాకాలం పోదామా? నేను బండి ఆపిన జాగలన్నీ ఒక్కపారి చూసొద్దాం. కండ్లున్నప్పుడే."

"బండి నడపొద్దన్నది గదయ్యా డాక్టరమ్మ."

"ముంగట కనబడదన్నదా? పక్కకు కనబడదన్నది. పక్కకు నువ్వుంటవ్ గదా."

ఏ పండక్కీ ఇంట లేని మనిషి, పక్కన నువ్వుంటావుగా అంటే ఎలా కాదనను? దేవుడి ముందు దీపం పెట్టి మొక్కుకున్నాను: స్వామీ, ఎవరికీ ఏ హానీ జరగకుండా తీసుకుపోయి తీసుకురా. ఆ వేసవంతా నేను ఇంకేమీ అడగలేదు.

షెడ్డులో ఒక పాత క్యారవాన్ ఉంది. ఆయన ఎక్కువ కాలం నడిపింది దాన్నే. ఇప్పటి ఓనరు పెద్ద ఓనరుగారి కొడుకు. వాళ్లది కోస్తా వైపు. మా ఆయన్ని బాబాయ్ అంటాడు.

"వర్షాలు పడ్డాక దీన్ని తుక్కుకి ఇచ్చేస్తున్నాను బాబాయ్. అప్పటిదాకా మీదే అనుకోండి. ఇన్నాళ్లూ హీరోయిన్లని తిప్పారు, ఇప్పుడు పిన్నిగారిని తిప్పండి" అన్నాడు. కళ్ల సంగతి మేము చెప్పలేదు. ఓనరే స్వయంగా బండి ముందు కొబ్బరికాయ కొట్టించాడు. సినిమావాళ్లు కొబ్బరికాయ కొట్టందే పని మొదలుపెట్టరు, గుమ్మడికాయ కొట్టందే పని అయిందనరు.

మేకప్ అద్దం ముందు నేను దేవుడి పటం పెట్టాను. చుట్టూ బల్బులు వెలిగితే ఏ గుడిలోనూ చూడని వెలుగు. మా స్వామికి ఇంత భోగం పట్టింది కదా అని కళ్ల నీళ్లు తిరిగాయి. గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, పచ్చడి జాడీ సర్దుకున్నాను. కంటి చుక్కల సీసా ఫ్రిజ్‌లో పెట్టాను.

తీరా బయల్దేరాక ఆయన వెనక గదిలోకి రాడు. నటుల గదిలోకి డ్రైవరు అడుగు పెట్టకూడదు, ఆ బాత్రూము వాడకూడదు. అన్నేళ్లు అలా బతికాడు. మంచం మీద నేనొక్కదాన్నే పడుకుంటే, ఆయన ముందు సీట్లో కాళ్లు ముడుచుకుని కునికేవాడు.

"ఏందయ్యా, లోపలికి రానీకి మేడం పర్మిషన్ కావాల్నా?" అని ఎగతాళి చేశాను.

"మేడం మేకప్ తీస్తలేదేమో అనుకున్న" అన్నాడు. ఆ పూట వచ్చి మంచం అంచున కూర్చున్నాడు, దుమ్ము అంటుతుందేమో అన్నట్టు.

ఎక్కడ ఆపినా జనం మూగేవాళ్లు. క్యారవాన్ అంటే లోపల హీరో ఉన్నట్టే. కోనసీమలో ఒక కాలవ గట్టున తలుపు కొడితే, చేతిలో గరిటెతో తీశాను.

"ఎవరొచ్చారండీ లోపల?"

"ఎవ్వరు లేరమ్మా. మేమే."

"మీరేనా? అయ్యో రామా! పొద్దుట్నుంచీ ఇల్లు ఊడవకుండా నిలబడ్డామండీ!"

"నిలబడ్డరు గదా, జర ఉప్మా తినిపోండ్రి" అన్నాను. వాళ్లు తిన్నారు కూడా. తినేవాళ్లు దొరకడం కూడా దేవుడి దయే.

బండి ఆపడం నాకు నేర్పింది ఆ కాలవ గట్టునే. వెనక్కి తీసేటప్పుడు నేను దిగి వెనక నిలబడాలి. అరవకూడదు. అరచేత్తో బండిని రెండుసార్లు తట్టితే ఆగమని.

"తట్టకుంటే?"

"తట్టకుంటే ఖాళీ ఉన్నట్టు. చప్పుడు లేకుంటే వస్తనే ఉంట."

షూటింగుల్లో ఏర్పడ్డ పద్ధతి అది. కొంచెం దూరంలో షాట్ నడుస్తుంటుంది, ఎవరూ నోరెత్తడానికి లేదు. అందుకే వెనక నిలబడ్డ క్లీనరు మాట్లాడడు. ఆపాల్సి వస్తేనే తడతాడు.

"చప్పుడు లేకుంటే ఆగుడు అని పెట్టుకోవచ్చు గదా?" అన్నాను.

"అట్లయితే వచ్చినంతసేపు కొట్టుకుంటనే ఉండాలె. నీ చెయ్యి వాస్తది. నా బండికి సొట్టలు పడ్తయి" అని నవ్వాడు. ఇక్కడ షాటూ లేదు, సైలెన్స్ అనేవాడూ లేడు, నోటితో చెబితే పోయేది కదా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆయన పద్ధతి ఆయనది. అది నేర్చుకున్నానని నాకు సంతోషం.

గోదావరిని ఆయన చూసిన తీరు మరిచిపోలేను. గట్టు మీద నిలబడి ఈ కొస నుంచి ఆ కొసకు తలను మెల్లమెల్లగా తిప్పాడు, గొట్టంలోంచి చూస్తున్నట్టు. పడవ చూశాడు. ఆగాడు. లంక చూశాడు. ఆగాడు. మళ్లీ వెనక్కి తిప్పితే పడవ అక్కడ లేదు. "యాడ పోయిందే?" అన్నాడు. పడవ ఆయనకు ఒక బెత్తెడు ఎడంగా నీళ్ల మీదే ఉంది. చెయ్యి పట్టుకుని చూపించాను. అప్పుడు తెలిసింది నాకు, డాక్టరమ్మ చెప్పినప్పటికంటే చూపు ఇంకా దగ్గరకు మూసుకుపోయిందని. తెలిసినా చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

మారేడుమిల్లి ఘాటు కింద ఒక మలుపులో సైకిలు మీద పుల్లలమోపుతో ఒకాయన ఎడమ వైపు నుంచి వచ్చాడు. నేను "ఎడమ! ఎడమ!" అని అరిచాను. బండి ఆగింది. పుల్లల చివరలు మా తలుపును గీసుకుంటూ పోయాయి. ఆ ముసలాయన దిగి, "కళ్లు నెత్తికెక్కినియ్యా?" అని తిట్టి పోయాడు. మా ఆయన ఇంజను ఆపేశాడు.

"నువ్వు అరిచినంక గూడ నాకు కనబడలే" అన్నాడు. తర్వాత, "ఇగ చాలు. ఇంటికి పోదాం" అన్నాడు.

అరకు పోలేదు. తిరుగు ప్రయాణంలో పగలే, అదీ మెల్లగా వచ్చాం. నేను ఎడమ సీట్లో కూర్చుని కనిపించినదల్లా చెబుతూ వచ్చాను: బర్రె, ఆటో, గుంత, పిల్లలు. గొంతు ఎండిపోయేది. ఆయన హాస్యాలు ఆగిపోయాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటగానే నేను చేతులు జోడించాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావు స్వామీ అనుకున్నాను.

సామాను దింపాక బండిని షెడ్డులో అప్పగిద్దామని ముందు ఇంటికి వచ్చాం. మా గల్లీలో బండి తిప్పుకునే జాగా లేదు, వెనక్కే రావాలి. ముందురోజే తొలకరి పడింది. బండ మీద సన్నటి బురద. నేను దిగి వెనక్కి వెళ్లి, మా ప్రహరీ పక్కన ఎడమ వైపు నిలబడ్డాను. బండి వస్తోంది. రెండడుగులు వెనక్కి వేశాను. కాలు జారింది.

పడ్డ చోటి నుంచి బండికి చెయ్యి అందలేదు. తట్టడానికి చెయ్యి చాపాను. గాలిలోనే ఉండిపోయింది. అరిచాను. బండి వెనక భాగంలో ఏసీ నడిపే జనరేటర్ నా తల పక్కనే మోగుతోంది. నా గొంతు నాకే వినబడలేదు. ఎడమ అద్దంలో నా చీర కనిపించి ఉండాలి. ఆ అద్దం ఆయనకు ఎప్పుడో చీకటైపోయింది. చప్పుడు లేదు కాబట్టి ఆయన వస్తూనే ఉన్నాడు.

చక్రం నా కుడి పాదం మీదకు ఎక్కింది. బండి కొంచెం లేచింది. రాయి అనుకున్నాడట. రాయి దాటడానికి డ్రైవర్లు ఏం చేస్తారో అదే చేశాడు. ఇంకొంచెం ఎక్సలేటర్ ఇచ్చాడు.

ఎదురింటామె పరుగెత్తుకొచ్చి ముందు అద్దం మీద రెండు చేతులతో కొట్టింది. అప్పుడు ఆగాడు.

పాదం ముందు సగం తీసేశారు. మడమ మిగిలింది. మడమ ఉంటే పూజ దగ్గర నిలబడవచ్చు, గోడ పట్టుకుని వంటింట్లోకి పోవచ్చు. అక్కడ నిలబడింది నేను కాకుండా ఎదురింటి పసివాళ్లు అయ్యుంటే అన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ, నన్నే ఎంచుకున్నందుకు దేవుడికి దండం పెట్టాను. అయినా ఆసుపత్రి మంచం మీద ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను: స్వామీ, నేను అడిగిన ఆ 'ఎవరికీ'లో నేను లేనా? జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నేనూ అడగడం మానలేదు.

నేను దిగాక కూడా జనరేటర్ ఎందుకు ఆపలేదని ఒకరోజు ఆయన్ని అడిగాను.

"లోపల మనిషి ఉంటే ఏసీ ఆపొద్దు గదా."

"నేను దిగిన గదయ్యా."

"దేవుడున్నడు గదనే లోపల. నువ్వు దించలే ఇంకా."

అది విని నేను ఏడ్చాను. పాదం తీసినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆయన చుక్కలు వేసుకోవడం మానేశాడు. నేను ఇల్లు చేరాక చూస్తే సీసా నిండుగానే ఉంది. "గీ కండ్లకు మందెందుకు? పోనీ" అన్నాడు. బతిమాలాను, తిట్టాను, ఒట్టు పెట్టాను. ముఖం తిప్పుకునేవాడు. అన్నం కూడా చేత్తో తడుముకుని తింటున్నాడు. ఉన్న కాస్త చూపు మా ఇద్దరి కళ్లెదుటే పోతోంది, ఆయన పోనిస్తున్నాడు. నా పాదం పోయిందని నాకున్న దిగులంతా దీని ముందు చిన్నదైపోయింది.

అప్పుడే ఓనరు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "మీరు కళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పుంటే బండి ఇచ్చేవాణ్ని కాదు కదా బాబాయ్" అన్నాడు. కోపంగా కాదు. ఆ మాట అనకుండా ఉండలేక అన్నాడు. మా ఆయన తలదించుకున్నాడు. తుక్కువాళ్లు బండి కోసం వస్తున్నారని చెప్పి ఓనరు లేవబోతుంటే నేను ఆపాను.

"బాబూ, కొబ్బరికాయ కొట్టి పంపినవ్. గుమ్మడికాయ ఎవరు కొట్టాలె?"

ఆయన నా వైపు, మా ఆయన వైపు చూశాడు. "తప్పకుండా పిన్నిగారూ" అన్నాడు.

మర్నాడు ఆటోలో షెడ్డుకు వెళ్లాం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. బండి ఎడమ తలుపు మీద పుల్లల గీతలు అలాగే ఉన్నాయి. ఓనరు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి మా ఆయన చేతికిచ్చాడు.

"నాకొద్దు సార్" అన్నాడు ఆయన.

"నువ్వు కొట్టకుంటే నీ డ్యూటీ అయిపోదయ్యా" అన్నాను. "రోజూ మంచంల పండుకోని రివర్సు తీస్తనే ఉంటవ్. నేను రోజూ పడుతనే ఉంట. ఇగ బండి దిగు."

ఆయన బండి చుట్టూ దిష్టి తీసి, ముందు చక్రం దగ్గర నేలకేసి కొట్టాడు. కాయ ముక్కలై నలుదిక్కులా ఎగిరింది. ముక్కల మీద బండ్లు జారతాయని, కొట్టినవాళ్లే ఏరి పక్కన పడెయ్యాలి. ఆయన వంగి తడుముతూ ఏరసాగాడు. ఎదురుగా ఉన్నవి దొరికాయి. పక్కకు పోయినవి దొరకలేదు. కాసేపటికి ఒక చోట ఆగిపోయాడు.

"ఏమే."

"ఆఁ."

"యాడున్నయో చెప్పరాదు?"

చెప్పాను. ఎడమకు. ఇంకొంచెం. నీ మోకాలు కాడ. అంతా ఏరాక వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను సంచిలోంచి చుక్కల సీసా తీశాను. తల వెనక్కి వంచాడు. చుక్క పడ్డాక కళ్లు మూసుకునే అన్నాడు: "ఇగ నుంచి చప్పుడు లేకుంటే ఆగుత."

పోయిన చూపు రాలేదు. ఆ మానేసిన రోజుల్లో పోయింది కూడా రాలేదు. ఇప్పుడు మా రెండు గదుల్లో ఆయన నా గొంతును బట్టి తిరుగుతాడు. నేను మాట్లాడుతూ ఉంటే నడుస్తాడు. నేను ఊరుకుంటే, చేతిలో చెంబు ఉన్నా సరే, ఉన్నచోటే నిలబడిపోతాడు, ముఖంలో నెత్తురు లేకుండా. అందుకే పెదవి కదపకుండా చేసుకునే జపం మానేశాను. పొద్దున లేచింది మొదలు దేవుడి పేరు పైకే అంటున్నాను, పక్క గదిలోకి వినబడేంత గట్టిగా.