వదిన బర్రె, రెండు మోపుల బఠానీ

మొన్న మా వదిన బర్రెను చంపినంత పని చేసిన. కావాలని కాదు, దానికి మేలు చేద్దామనే.

ఈ చలికాలం మా అన్న దమ్మపేటల ట్రైనింగ్‌కు పోయి కొత్త రకం బఠానీ విత్తనం తెచ్చి, అడవి అంచు చేన్ల ఏసిండు. ప్రొటీన్ ఎక్కువంట. గింజ మనకు, తీగ పశువులకు. "పచ్చిది ఒట్టిగ పెట్టకుండ్రి, వరిగడ్డిల కలిపి కొంచెం కొంచెం ఎయ్యాలె" అని గూడ చెప్పిండు. నేనింటే కద.

ఆ బర్రె వదినకు పుట్టింటోళ్ళు ఇచ్చింది. "మీవోళ్ళు బర్రెనిచ్చిండ్రా, బోరింగునిచ్చిండ్రా వదినా? పాలన్నీ నీళ్ళే" అని రోజూ ఏడిపిస్త. ఆరోజు పాలు చిక్కగ చేసి చూపిద్దామని, పొద్దున్నే మంచుకు తడిసిన తీగ రెండు మోపులు కోసి, పరిగడుపున దాని ముందేసిన. గడ్డీ లేదు గిడ్డీ లేదు. ఆవురావురుమని మేసింది.

గంటకు దాని ఎడమ డొక్క డోలు లెక్క ఉబ్బింది. నెమరు లేదు. నాలుక బయటికొచ్చింది. వదిన దాని మెడ పట్టుకొని "ఏం తిన్నవే తల్లీ" అని ఏడుస్తాంది. నా నోట్లకెల్లి అబద్ధమొచ్చింది.

"తలుగు తెంపుకొని చేన్ల పడ్డట్టుంది."

తలుగు మాత్రం గుంజకు పదిలంగ ఉన్నది.

అన్న బండి మీద పశువుల డాక్టర్‌ను తెచ్చిండు. ఆయన డొక్క తట్టి చూసి, "ఏం తిన్నది? ఎంత? సక్కగ చెప్తెనే మందు" అన్నడు. బర్రె ముందుకాళ్ళు మడవబోయింది. కూలబడితే ఇగ లేవదు.

"రెండు మోపుల బఠానీ సార్. తడిది. నేనే పెట్టిన."

వదిన చూసిన చూపుకు బర్రె కంటే ముందు నేనే పోతననుకున్న.

డాక్టర్ నూనెల మందు కలిపి తాపిండు. నోరు ఆడి, త్రేన్పుల గాలి పోవాలని దాని నోటికి అడ్డంగ వేపకర్ర కట్టి, మెల్లగ తిప్పమన్నడు. వదిన తలుగు నా చేతిల పెట్టింది. దొడ్డి చుట్టు తిప్పుకుంట, యాదికొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కిన. ఎన్ని చుట్లైనయో, బర్రె ఆగి, నా మొఖం మీదనే పెద్ద త్రేన్పు తీసింది. ఒకటే కంపు. "ఇంకోటి తియ్యవే బంగారం" అని బతిమాలిన. తీసింది. డొక్క దిగుడు మొదలైంది.

సాయంత్రం వదిన ఆ వేపకర్రను కడిగి చూర్ల చెక్కింది.

"దేనికొదినా?"

"బర్రె నోరు బాగైంది. ఇగ నీ నోరొక్కటే మిగిలింది."

జవాబు నాలుక చివరి దాక వచ్చింది గానీ మింగిన. మా చూరు చేతికందేంత కిందికుంటది మరి.