గాజులపెట్టెకు తగిన ఫోర్కు

గాజుల శేషన్న రాని సీమంతం సీమంతమే కాదని ఆలూరు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల అభిప్రాయం. రెండువేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆ పేరుకు ముప్పు వచ్చింది. పెట్టెలు కట్టుకొని అతడు తిరిగే పాత మోటారు సైకిలుకు, ముందు చక్రాన్ని పట్టుకొని కుదుపులను మింగే ఫోర్కు చచ్చుబడింది. బ్రేకు పట్టగానే బండి ముక్కు కిందికి దిగబడేది. గుంత తగిలితే ఇనుమూ ఇనుమూ కొట్టుకొని పెట్టెలు ఎగిరిపడేవి. రామసుబ్బమ్మ ఇంట మూత తీయగానే పైవరుసలోనే చిట్లిన గాజు కనబడింది. శుభకార్యం దగ్గరపడిన ఇంట అంతకు మించిన అపశకునం లేదు.

"శుక్రవారం మా కోడలు శివలీల సీమంతం. ఆపొద్దు గూడా చిట్లిన గాజు కనపడిందంటే ఆదోని గాజులాయప్పను పిలిపిస్తా" అని ఆమె తెగేసి చెప్పింది.

శేషన్న జంకలేదు. తిన్నగా మెకానిక్కు ఉరుకుందప్ప షెడ్డుకు పోయి, వైద్యం తానే చెప్పాడు.

"ఫోర్కులో గేరు నూనె పొయ్యప్పా. చిక్కగుంటే బలం."

"బిగుసుకపోతాదప్పా."

"బిగవాలనే కదా వచ్చిండేది."

ఊరు దాటకముందే ఫలితం తెలిసింది. ఫోర్కు కర్రలా బిగిసి, దారిలోని ప్రతి రాయి దెబ్బనూ గాజులకు అప్పగించింది. తిరిగివచ్చి పెట్టె విప్పితే ఒక వరుస వరుసంతా చిట్లి ఉంది.

"ఏమప్పా, బలం సాల్యాదా?" అన్నాడు ఉరుకుందప్ప.

"సాల్లే. అంతా తీసెయ్."

ఉరుకుందప్ప ఆ నూనె వంచి, గొట్టాలు కిరసనాయిలుతో కడిగి, నూనె కారకుండా ఆపే సీళ్లు మార్చాడు. కుంగిపోయిన స్ప్రింగుల మీద సమానంగా కోసిన పైపు ముక్కలు పెట్టి, పలుచని ఫోర్కు నూనె రెండు వైపులా ఒకే కొలతగా పోశాడు. శేషన్న హ్యాండిలు అదిమి చూశాడు. అతనికి తెలిసిన కొలత ఒక్కటే: గాజు తొడిగేటప్పుడు మెటికల దగ్గర చేతిని మెత్తగా నొక్కి, మెల్లగా వదలాలి. చటుక్కున వదిలితే గాజు నిలవదు. ఫోర్కు మెత్తగానే దిగింది గాని, గభాలున పైకి లేచింది.

"ఎగిరి వస్తాండాది. రవ్వంత చిక్కనిది కలుపు."

కలిపాక మళ్లీ అదిమాడు. దిగింది, నింపాదిగా లేచింది.

"చెయ్యంటే ఇట్లుండల్ల."

"ఇది ఫోర్కప్పా, పెండ్లికూతురు చెయ్యి కాదు."

"నా గాజుకు రెండూ ఒకటే."

శుక్రవారం నల్లరేగడి బాటలో అతడు జంకు లేకుండా బండి నడిపాడు. మూత రామసుబ్బమ్మే తీసింది. ఒక్కొక్క వరుసా వేలితో తడిమి, అడుగు వరుస దాకా వెతికినా చిట్లింది ఒక్కటీ దొరక్కపోయేసరికి, కోడలి చేతిని అతని ముందుకు చాపించింది.

"పచ్చవి శానా తొడుగు శేషన్నా. మా చిన్నకోడలికీ నువ్వే రావల్ల."

"ఇంకో పెట్టె ఎక్కువే కట్టుకోని వస్తాలే పెద్దమ్మా" అని శేషన్న శివలీల మెటికలు మెత్తగా నొక్కాడు.