కాలవ వైపు పోని బంతి

ఎండుచేపల పిన్ని పోయిందన్న కబురు నాకు గ్రౌండులోనే తెలిసింది. పొద్దున్నే పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాను. తెనాలి మార్కెట్లో పిన్ని పక్కన కూర్చుని ఎండు రొయ్యలు అమ్మే ఆవిడ రేపల్లె రైలు దిగి, మార్కెట్టుకు వెళ్ళకుండా నేరుగా మా గేటు దగ్గరికి వచ్చింది. నెత్తిన తట్ట అలాగే ఉంది.

"అక్క పోయిందండి సారూ. గుండె పట్టేసిందంట. ఆసుపత్రికి బయల్దేరదీసే లోపే అయిపోయిందంట. మీకో మాట చెప్పి పోదామని వచ్చానండి" అంది.

నేను కూడా పిన్నికి ఒక మాట చెప్పాల్సి ఉంది. మూడు వారాలుగా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఇక ఎవరికి చెప్పను? ఆ మాటేమిటో మీకు చెప్పాలంటే ముందు పిన్ని గురించి చెప్పాలి, మా జట్టు గురించి చెప్పాలి, సిగ్గు విడిచి నా నోటి గురించి కూడా చెప్పాలి.

నేను తెనాలిలో ఒక కాలేజీలో పీడీని, అంటే ఆటల మాస్టారిని. ఫుట్‌బాల్ జట్టు నా చేతి కింద ఉంది. పిన్నిది రేపల్లె దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె. రోజూ పొద్దున రైల్లో ఎండుచేపల తట్టతో తెనాలి వచ్చి, మధ్యాహ్నం మూడింటికల్లా అమ్ముకుని, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్ళేది. మార్కెట్టుకీ స్టేషనుకీ మధ్య మా గ్రౌండు. చాలా ఏళ్ళ కిందట ఒక రోజు రైలు ఆలస్యమైతే మా ప్రహరీ నీడన కూలబడింది. ఆ తర్వాత రైలు వేళకే వచ్చినా ఈవిడే ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టింది. మా జట్టుకి అంతకన్నా నమ్మకమైన అభిమాని లేదు. కాలేజీ వార్షికోత్సవంలో మా ఆట గురించి గొప్పగా మాట్లాడినవాళ్ళలో ఒక్క మ్యాచ్ పూర్తిగా చూసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

మొదట్లో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ వాసన అలాంటిది. పిన్ని పట్టించుకునేది కాదు. "మీ బూట్లిప్పితే నేను మూసుకోవటంలా?" అనేది. ఎవరి పేరూ నేర్చుకోలేదు. అందరూ నంబర్లే. తొమ్మిదో నంబరోడు, నాలుగో నంబరోడు. చదువు ముగించుకుని ఒకడు వెళ్ళిపోయి, అదే నంబరు చొక్కా ఇంకొకడు తొడుక్కుంటే, "ఈ తొమ్మిదోవాడు నిరుటివాడంత ఓపికమంతుడు కాదు" అని ఒక్క సాయంత్రంలో తేల్చేసేది. బక్కగా ఉండే గోల్‌కీపర్ కోసం కాగితంలో నెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు చుట్టి తెచ్చేది. వాడు హాస్టల్లో వేయించమంటే వంటాయన వార్డెనుకి ఫిర్యాదు చేశాడు. వార్డెను నన్ను పిలిచాడు. నేను పిన్నిని మందలించబోతే, "గోలు కాడ నిలబడేవోడికి ఆ మాత్రం కండ లేకపోతే బంతితో పాటు వాడూ లోపలికి పోతాడు గదండి" అని నవ్వింది. ఆ నవ్వులో నా మందలింపు కొట్టుకుపోయింది.

ఆఫ్‌సైడ్ నియమం ఒక్కటి ఆమెకి చివరిదాకా రుచించలేదు. "ముందు పరిగెత్తినోడిదా తప్పు, ఎనకబడ్డోడిదా?" అని అడిగేది. ఇన్నేళ్ళలో నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

గోలు పడితే చప్పట్లు కొట్టేది కాదు. అందరం గోలు వైపు పరిగెడుతుంటే ఆమె చూపు ఇంకెక్కడో ఉండేది. ఒకసారి అడిగాను, ఏం చూస్తున్నావు పిన్నీ అని. "బంతిని చూట్టానికి అందరూ ఉన్నారు గదా. బంతి లేనోళ్ళని చూడండి సారూ. ఆట వాళ్ళ కాడుంటది" అంది. నేను శిక్షణ కోర్సులో ఒక ఏడాది కూర్చుని నేర్చుకున్నదంతా ఆ మాటలో ఉంది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను.

రేపల్లె కాలేజీతో మ్యాచ్ ఉన్న రోజు మా వాళ్ళు ఆమెని ఆటపట్టించేవాళ్ళు. "నీ ఊరు అది, నువ్వు అటు పక్క కూర్చో" అనేవాళ్ళు. "మా ఊరోళ్ళ ఆట మా ఊళ్ళో చూసుకుంటాన్లే. ఇక్కడ నేను తట్ట దించింది మీ గోడ కింద" అని కదిలేది కాదు.

ఇక ఈ ఏటి సంగతి. చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిసి ఆడే లీగులో మా వాళ్ళు మొదటి మూడు మ్యాచ్‌లు గెలిచారు. నేను మీసం మెలేసి తిరిగాను. అప్పుడు తుఫాను వచ్చింది. కోసిన వరి తడిసిపోయింది. రైతులు ధాన్యం ఆరబోసుకోవడానికి చోటు లేక రోడ్ల మీద పట్టాలు పరుస్తుంటే, మా ప్రిన్సిపాల్ గారు గ్రౌండులో కాలవ వైపు నుంచి దాదాపు సగం వాళ్ళకి ఇచ్చారు. ఇవ్వడం న్యాయమే. మా జట్టులో సగం మంది ఆ రైతుల ఇళ్ళలోవాళ్ళే. రెండు వారాల పాటు మిగిలిన సగంలో స్టేషను వైపు గోలు పెట్టుకుని ప్రాక్టీసు చేశాం. ఆ గోలు వైపు తిరిగితే మాకు ఎడమ పక్క కాలవ, ఆ పక్కంతా ధాన్యం.

బంతి అందులో పడితే పెద్ద రభస. కాపలా ఉన్న పెద్దాయన కర్ర పట్టుకుని లేచేవాడు. "అన్నం తొక్కుతార్రా" అనేవాడు. పిల్లలు బూట్లిప్పి, ఒంటి కాలి మీద వంగి బంతి తీసుకుని, వేళ్ళకంటిన గింజల్ని కళ్ళకద్దుకుని వచ్చేవాళ్ళు. నాలుగు రోజుల్లో బంతి అటు పోకుండా ఆడటం నేర్చుకున్నారు. క్రమశిక్షణ అంటే ఇదీ అని నేను మెచ్చుకున్నాను కూడా. నా చేత్తో నేనే గొయ్యి తవ్వుతున్నానని అప్పుడు తెలియలేదు.

ఆ రెండు వారాల్లో బయటి ఊళ్ళలో రెండు మ్యాచ్‌లు ఓడిపోయాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా దగ్గర కారణాలకి కొదవ లేదు. తొమ్మిదో నంబరు మడమ బెణికింది. రెఫరీకి కళ్ళజోడు మార్చాలి. సెమిస్టరు పరీక్షలు నెత్తి మీదున్నాయి. ధాన్యం ఎత్తేశాక, మా గ్రౌండు పూర్తిగా మాకొచ్చాక, సొంత చోట రేపల్లెతో ఆడాం. అదీ ఓడాం.

మ్యాచ్ అయ్యాక పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి తొమ్మిదో నంబరుని దులిపేస్తున్నాను. పిన్ని లేచి మా దగ్గరికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ గీత దాటి లోపలికి రాలేదు. మెల్లగా అంది.

"వాణ్ణేం అనమాకండి సారూ. వాడి కాడికి బంతి వస్తే గదా. పిల్లలు కాలవ వైపు పోటంలా."

"ఏంటి?"

"కాలవ వైపు పోటంలేదండి. ఎందుకంటే..."

"నువ్వు చేపలమ్ముకో పిన్నీ. ఆట సంగతి నాకు తెలుసు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి, తట్ట నెత్తిన పెట్టుకుని స్టేషను వైపు నడిచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఆ సంగతి ఎప్పుడూ ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సాయంత్రమే పశ్చాత్తాపం కలిగింది, కానీ రేపు మామూలుగానే వస్తుందిలే, నవ్వేసి ఊరుకుంటుందిలే అనుకున్నాను. ఆమె మళ్ళీ రాలేదు.

తర్వాతి మ్యాచ్ బాపట్లలో. అక్కడా ఓడిపోయాం. తిరుగు రైల్లో ఒక పిల్లవాడు తన ఫోన్‌లో తీసిన మ్యాచ్‌ని నా చేతికిచ్చాడు. ఓడిన ఆట మళ్ళీ చూడటమంత దండగ పని లేదు, అయినా చూశాను. సగం దాకా బంతినే చూశాను. ఎందుకో పిన్ని మాట గుర్తొచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళి బంతి లేనివాళ్ళని చూడటం మొదలుపెట్టాను.

పదకొండో నంబరు మా ఎడమ వింగు. వాడు ఎడమ పక్కకి పరిగెత్తుకుంటూ వస్తాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. మైదానం ఖాళీ. ఒక చోటుకి రాగానే, అక్కడేదో పట్టా పరిచి ఉన్నట్టు, వాడు ఆగి లోపలికి తిరుగుతాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. మిగతావాళ్ళూ అంతే. మొత్తం ఆటలో అటు పోయిన బంతులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బాపట్లలో కాలవ లేదు, ధాన్యం లేదు, కర్ర పట్టుకున్న పెద్దాయన లేడు. మా వాళ్ళు మాత్రం ఆ ధాన్యాన్ని రైలెక్కించి తమతో పాటు తెచ్చుకున్నారు.

ఎదుటి సీట్లో కూర్చున్న పదకొండో నంబరుని అడిగాను, అటు ఎందుకు పోలేదురా అని. వాడు చాలాసేపు ఆలోచించాడు. "ఏమో సార్. అటు పోబుద్ధి కాలేదండి" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు.

సోమవారం మార్కెట్టుకి వెళ్ళాను. పిన్ని చోటు ఖాళీగా ఉంది. "ఒంట్లో బాగోక రావటంలేదండి" అంది రొయ్యలావిడ. రేపల్లె ఎంత దూరం? గంట ప్రయాణం. వెళ్ళలేదు. అప్పుడు నాకొక వెధవ ఆలోచన వచ్చింది. వట్టి చేతులతో వెళ్ళి తప్పైంది అనడం కన్నా, ఒక్క మ్యాచ్ గెలిచి, "నువ్వు చెప్పినట్టే చేశాం పిన్నీ" అని చెబితే బాగుంటుంది కదా అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకు గెలుపు కావాల్సి వచ్చింది.

పిల్లల్ని రోజూ కాలవ వైపే ఆడించాను. తర్వాతి మ్యాచ్‌లో ఎడమ పక్క నుంచే గోలు కొట్టారు. కానీ చివర్లో ఒకటి ఇచ్చేసి సమానం చేసుకున్నారు. సమానం చాలదు, వచ్చే మ్యాచ్ గెలిచాక వెళదాం అనుకున్నాను. ఆ మ్యాచ్ ఇంకా రెండు రోజులుందనగా రొయ్యలావిడ గేటు దగ్గరికి వచ్చింది.

ఆ రోజు వెళ్ళే ముఖం లేకపోయింది. పెద్దకర్మ రోజున వెళ్ళాను. రేపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఇంటి ముందు షామియానా కింద జనం ఉన్నారు. ముందున్నవాళ్ళ వెనకే నడిచి వెళ్ళి పిన్ని ఫొటో ముందు నిలబడ్డాను. ఆ ఫొటోలో ఆమె కెమెరా వైపు చూడటం లేదు. ఇంకెవరినో చూస్తోంది. నాకు దుఃఖం ఆగలేదు.

పిన్ని పెద్ద కూతురు వచ్చి కుర్చీ వేసింది. ఆమెదీ చేపల వ్యాపారమే. "మీరేనాండి పీడీ సారు?" అని అడిగింది. చెప్పాల్సిన మనిషికి చెప్పలేకపోయిన మాట ఆమెకి చెప్పాను. "మీ అమ్మ చెప్పిందే నిజమమ్మా. పిల్లలు కాలవ వైపు పోవడం లేదు. నేనే వినలేదు. పదిమందిలో మాట తూలాను."

"తెలుసండి. అమ్మ చెప్పింది" అంది.

"కోపం వచ్చిందా?"

"కోపమేంటండి. మోకాళ్ళు పట్టేసి రాలేకపోయింది గానీ. ప్రతి మ్యాచ్‌కీ మా రొయ్యల పిన్నికి ఫోన్ చేసి కనుక్కునేది. మొన్న సమానంగా వచ్చిందని చెబితే, 'అయితే కాలవ వైపు పోయుంటారు' అని నవ్వుకుంది."

 ఇంతకీ పిల్లలు అటు ఎందుకు పోవడం లేదో ఆమెకి ఎలా తెలిసిందని అడిగాను.

"మాకిది రోజూ ఉండేదే గదండి. మేం చేపలు ఆరబోస్తాం. జనం తొక్కకుండా చుట్టూ తిరిగి పోతారు. ఎత్తేసి నాలుగు రోజులైనా ఖాళీ ఇసక చుట్టూ తిరిగే పోతారండి. అదే చెప్పింది అమ్మ. 'పిల్లల తప్పు లేదే, సారు తప్పూ లేదు. కాళ్ళు మర్చిపోవాలి, అంతే' అంది."

భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాను. బయల్దేరేటప్పుడు చూశాను, ఇంటికీ రోడ్డుకీ మధ్య ఇరవై మంచాలు పట్టేంత ఇసక. పిన్ని చేపలు ఆరబోసే చోటట. ఆమె పోయినప్పటి నుంచి అక్కడ ఒక్క చేప కూడా పొయ్యలేదు. గాలికి ఇసక మీద సన్నటి గీతలు పడ్డాయి. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు దాని అంచునే నడుస్తున్నారు. ఇద్దరు మనుషులు అన్నం డేగిసా మోసుకొస్తున్నారు. బరువుకి నడుములు వంగిపోతున్నా వాళ్ళు కూడా చుట్టూ తిరిగే వచ్చారు. వచ్చేటప్పుడు నేనూ అలాగే వచ్చి ఉంటాను.

ఆటో రోడ్డు మీద ఎదురుగా కనబడుతోంది. అడ్డంగా నడిస్తే ఇరవై అడుగులు. అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అంచు దాకా వెళ్ళి ఒక్క నిమిషం నిలబడ్డాను. ఆ తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ ఖాళీ ఇసక చుట్టూ తిరిగి వెళ్ళాను.